కత్తికి కండలెందుకు?

పోయిన ఆదివారం డల్లాసు నుంచి మా బావమరిది ఫోను చేసి, "బావా, అమ్మాయి పన్నెండో పుట్టినరోజుకు మంచి కత్తి ఒకటి పంపిస్తున్నాను, వేసవిలో క్యాంపింగుకు పనికొస్తుంది" అన్నాడు. మేనకోడలికి గొలుసో గౌనో కాక కత్తి ఇవ్వాలని తోచినందుకు మనసులోనే అతణ్ణి మెచ్చుకున్నాను. కాసేపటికి ఆ కత్తి బొమ్మ వచ్చింది. నల్లరంగు పూసిన అలుగు, వెన్ను మీద రంపపు పళ్లు, ఆరు మిల్లీమీటర్ల మందం, అరకిలోకు దగ్గరగా బరువు. ధర 250 డాలర్లు. వద్దన్నాను. "పిల్లకు నేను కొనిస్తుంటే నీకెందుకు బావా పిసినారితనం?" అని నొచ్చుకున్నాడు. ఫోనులో సర్దిచెప్పబోయి ఇంకాస్త చెడగొట్టాను. అప్పుడు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. అతడొక్కడి కోసమే అయితే ఉత్తరం రాసి ఊరుకునేవాణ్ణి. కానీ గుడారం వేసుకుని అడవిలో రెండు రాత్రులు గడపాలని ముచ్చటపడే మనవాళ్లలో నూటికి తొంభైమంది మొదట చేసే పొరపాటు ఇదే. నేనూ చేశాను. దాని గుర్తు నా ఎడమచేతి బొటనవేలి మొదట్లో ఏడు కుట్ల మచ్చగా మిగిలివుంది.

నా వాదం ఒక్క ముక్కలో చెప్పేస్తాను, కోపం వచ్చేవారికి ముందే రావచ్చు. ఆరుబయట విడిది చేసేవాడికి కావలసిన మడవని కత్తి పలుచగా, చిన్నగా, చౌకగా ఉండాలి. చౌక అన్నది సర్దుబాటు కాదు. ఆ పనికి తగిన కత్తిని తయారుచేయడానికి అంతకుమించి ఖర్చు కాదు కనుక అది చౌక. ఆపైన మనం చెల్లించే ప్రతి డాలరూ మన భయానికో, మన వేషానికో చెల్లించే సుంకం.

నాలుగేళ్ల క్రిందటి సంగతి. అక్టోబరు నెలలో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపిక్ జాతీయవనంలో హో నది ఒడ్డున గుడారం వేశాము. ఏడాదికి సుమారు 140 అంగుళాల వాన పడే అడవి అది. మన కోస్తాలో కురిసేదానికి మూడు రెట్ల పైమాటే. అక్కడ చెట్లకు నాచు పట్టదు, నాచుకే చెట్లు పట్టినట్టు ఉంటుంది. దారిలో కొన్న కట్టెల మోపు మేము చేరేసరికి పైపొర తడిసింది. లోపల చెక్క పొడిగానే ఉంటుంది, చీల్చితే చాలునని చదివివున్నాను. నా దగ్గర ఉన్న కత్తి కూడా ఇప్పుడు మా బావమరిది పంపుతానంటున్న దానికి అన్నగారే. కట్టెను నిలబెట్టి, అలుగును అడ్డంగా పెట్టి, దాని వెన్ను మీద మరో కట్టెతో బాదాను. ఇంగ్లీషువాళ్లు దీన్ని బేటనింగ్ అంటారు. వీడియోల్లో చూసినప్పుడు వెన్నలో దిగినట్టు దిగింది. నా కట్టెలో ముడి ఉంది. కత్తి సగం దిగి ఇరుక్కుపోయింది. ఎడమచేత్తో కట్టె పట్టుకుని కుడిచేత్తో గుంజాను. ఊడి వచ్చింది. ఆ తరువాతిది మా ఆవిడ టార్చిలైటు వెలుగులో చూసింది, నేను చూడలేదు. ఫోర్క్స్ అనే ఊళ్లో ఆసుపత్రికి ముప్ఫై మైళ్ల పైచిలుకు చీకటి దారి. కారు తను నడుపుతుంటే వెనక సీట్లో ఎనిమిదేళ్ల పిల్ల దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. తరువాత రెండేళ్లపాటు నేను వంటింట్లో ఉల్లిపాయ తరిగినా పక్కగదిలోకి వెళ్లిపోయేది.

కత్తి ఉక్కు చెడ్డదని నేననను. ఎంత బాదినా దాని వాదర చెక్కుచెదరలేదు. తప్పు దాని రూపంలో ఉంది, దాన్ని ఎంచుకున్న నా బుద్ధిలో ఉంది. కత్తి కోయడమంటే సన్నటి చీల చెక్కలోకి దిగడం. చీల ఎంత లావైతే అంత బలం కావాలి. ఎంత బలం పెడితే చేతికి అంత అదుపు తప్పుతుంది. ఆరు మిల్లీమీటర్ల వెన్ను ఉన్న అలుగు మూడంగుళాల వెడల్పులో ఎంత సాన పట్టినా గొడ్డలికి చెల్లెలే అవుతుంది కానీ కత్తి కాదు. పోనీ గొడ్డలిగానైనా పనికొస్తుందా అంటే, అందుకు చాలినంత బరువు లేదు, పొడవాటి పిడి లేదు. ఆ రాత్రి నాకు కావలసింది కట్టెను చీల్చే బలం కాదు. చీలిన పుల్లను తెగిపోనీయకుండా పొరలు పొరలుగా చెక్కి, చివర పూలకుచ్చులా నిలబెట్టగలిగే పలుచటి వాదర కావాలి. ఆ కుచ్చుకు అగ్గిపుల్ల తగిలిస్తే తడి అడవిలోనూ మంట పుడుతుంది. నా కత్తితో చెక్కబోతే కుచ్చు నిలవలేదు, పుల్లే తెగింది. తెగింది కనుకనే బాదడానికి దిగాను.

ఆ శీతాకాలం మా అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. ఆవిడకు ఆ కత్తి చూపించాను, కొంత గొప్పగానే. కొంగుతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, బొటనవేలు వాదరకు అడ్డంగా రాసి, "ఒరేయ్, ఇది కోయడానికా, కొట్టడానికా?" అని అడిగింది. అరవై ఏళ్లు కత్తిపీట ముందు కూర్చున్న మనిషి. ఆలోచిస్తే, మన ఇళ్లలో తరతరాలుగా ఉన్న మడవని కత్తి కత్తిపీటే కదా. గుమ్మడికాయ నుంచి గోంగూర దాకా దాని మీదే తెగాయి. దాని అలుగు ఎవరూ లావుగా చేయించుకోలేదు. చేయించుకోకపోవడానికి కారణం పేదరికం కాదు, దాని ముందు రోజూ కూర్చోవలసిరావడం.

ఇక్కడ మనలో చాలామందికి రుచించని మాట ఒకటి చెప్పాలి. నా వంటి మగవాళ్లు, అందునా చదువుకున్న ఇళ్లలో పుట్టినవాళ్లు, పాతికేళ్లు వచ్చేదాకా కత్తి పట్టలేదు. కత్తి ఇంట్లో ఆడవాళ్లది, బయట పనివాళ్లది. మా ఊళ్లో కొలిమి ఉండేది. కమ్మరి ఏడాదికోసారి కళ్లం దగ్గరకు వచ్చి తన మేర కొలిపించుకుని వెళ్లేవాడు. ఆయన చేతివస్తువు లేకుండా ఒక్క ఇల్లూ గడిచేది కాదు, అయినా ఆయన మా అరుగు ఎక్కి కూర్చున్నది నేను చూడలేదు. కొడవలి కావాలని ఎవరు వెళ్లినా ఆయన మొదట అడిగేది ఒకటే: "దేనికి?" వరి కోయడానికా, కంప కొట్టడానికా, జొన్న చొప్పకా. జవాబును బట్టి వంపు మారేది, మందం మారేది. లారీ కింద అరిగిపోయిన పట్టీ ఉక్కును కాచి సాగగొట్టి, పని ఎంత అడిగితే అంతే మిగిల్చేవాడు. ఆ ప్రశ్న అడిగే మనిషిని అరుగు కింద నిలబెట్టిన మనం, సముద్రాలు దాటి వచ్చాక, ఆ ప్రశ్న ఎన్నడూ అడగని అంగడివాడికి 250 డాలర్లు ఇచ్చి నల్లరంగు పూసిన ఇనుపకడ్డీ కొనుక్కుంటున్నాం. పనిచేయడం రానివాడికి పనిముట్టు ఎంచుకోవడం రాదు. అందుకని ఆయుధం ఎంచుకుంటాడు.

ఆయుధమన్నది ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చూడండి. 1982లో వచ్చిన 'ఫస్ట్ బ్లడ్' సినిమాలో స్టాలోన్ చేతిలో ఒక కత్తి ఉంటుంది. జిమ్మీ లైల్ అనే కత్తుల పనివాడు చేసింది. వెన్ను మీద పళ్లు, బోలు పిడి, పిడిలో అగ్గిపుల్లలూ సూదీ దారమూ. లైల్ చేసినది గట్టిదే. ఆ తరువాత దాన్ని చూసి సంతల నిండా దిగినవి గట్టివి కావు. బోలు పిడి అలుగును కలిసే చోట విరిగిపోయేవి. పోతే పోయాయి, ఆ మోజు మాత్రం పోలేదు. అంతకు వందేళ్ల ముందే, 1884లో, నెస్‌మక్ అనే కలంపేరుతో జార్జ్ వాషింగ్టన్ సియర్స్ 'వుడ్‌క్రాఫ్ట్' అనే పుస్తకం రాసి, వేటకత్తులని అంగళ్లలో అమ్మే లావుపాటి భీకరమైన సరుకును వెక్కిరించాడు. ఆయన తనతో తీసుకుపోయినవి చిన్న గొడ్డలి, పలుచటి కత్తి, జేబులో మడతచాకు. మనకు మాత్రం 'సమరసింహారెడ్డి' నాటి నుంచీ తెరమీద కత్తి అంటే మనిషిని నరికేదే. పొలంలో పుట్టిన కొడవలిని ఎగిరే సుమోల మధ్య తిప్పి తిప్పి, దాని అసలు పని మరిచిపోయాం. ఏ కొత్త వస్తువు బాగున్నా "కత్తిలా ఉంది" అంటాం. కత్తి మాత్రం కత్తిలా ఉండనక్కరలేదు కాబోలు.

కుట్లు మానిన కొన్ని నెలలకు, భయం పోగొట్టుకోవాలని, చెక్కతో చెంచాలు చెక్కడం నేర్పే ఒక వారాంతపు తరగతికి వెళ్లాను. గురువుగారు ప్రతి ఒక్కరి ముందూ ప్లాస్టిక్ ఒరలో ఒక కత్తి పెట్టారు. పేరు మోరా కంపానియన్. ఇరవై డాలర్లకు అటూ ఇటూ. తీసి చూస్తే పిల్లల బొమ్మలా అనిపించింది. బెత్తెడు కన్నా కాస్త పొడవైన అలుగు, సుమారు 10 సెంటీమీటర్లు. మందం రెండున్నర మిల్లీమీటర్లు. ఒరతో కలిపినా 125 గ్రాములకు మించదు. ఎండిన భూర్జపు పుల్ల మీద పెట్టి నెట్టాను. చెక్క పొర చుట్టలు చుట్టుకుంటూ లేచింది, తెగలేదు. రెండోసారి, మూడోసారి. పదిహేను నిమిషాల్లో నా పుల్ల చివర కుచ్చు నిలిచింది. హో నది ఒడ్డున నాకు చేతకానిది నా చేతిలోని లోపమని అన్నాళ్లూ అనుకున్నాను. పూర్తిగా కాదన్నమాట.

స్వీడన్‌లో డాలర్నా ప్రాంతంలో మోరా అనే ఊరుంది. దాని పక్క పల్లెలో 1891లో, అమెరికాలో కొంతకాలం కష్టపడి తిరిగివచ్చిన ఒకాయన కలప లాగే మంచుబండ్ల కార్ఖానా పెట్టాడు. అందులో పనివాళ్లకు అవసరమని కత్తులు చేయించాడు. బండ్లు పోయాయి, కత్తులు మిగిలాయి. అక్కడ వడ్రంగి, చేపలవాడు, కరెంటు పనివాడు, సిపాయి అందరూ అదే వాడతారు. పనివాడికోసం పుట్టినది కనుక పనివాడు కొనగలిగే ధరలోనే ఉండిపోయింది. కెనడాలో మోర్స్ కొచాన్‌స్కీ అడవిలో బతకడం నేర్పడానికే జీవితం ధారపోశాడు. గడ్డకట్టే చలిలో శిష్యులకు ఆయన నేర్పింది ఈ చౌక కత్తులతోనే. ఆయనకు లేని ప్రమాదం మనకు గుడారాల మైదానంలో, వంద అడుగుల దూరంలో కారు పెట్టుకుని, ఎదురవుతుందా?

దీనిలో లోపాలు లేవనను. అలుగు తోక పిడి చివరిదాకా రాదు, మధ్యలోనే ఆగిపోతుంది. నిండు తోక లేని కత్తి కత్తే కాదని వాదించేవారున్నారు. ఫిన్లాండువాళ్ల పూక్కో కత్తులు తరాల తరబడి సన్నతోకతోనే బతికాయి. కత్తిని గునపంలా వాడనివాడికి ఆ బాధ లేదు. రెండో లోపం నిజమైనదే: చెక్కడానికి చేసిన చదునైన వాలు కాబట్టి క్యారెట్టు వంటివి తరిగేటప్పుడు కోయకుండా పగలగొడుతుంది. కూరగాయలకు మామూలు వంటచాకు ఒకటి అట్టముక్కలో చుట్టి పట్టుకెళ్లండి. మూడోది, మామూలు రకంలో వెన్ను అంచు మొద్దుగా ఉంటుంది, నిప్పుకడ్డీ గీస్తే రవ్వలు రాలవు. ఆకురాయితో పది నిమిషాలు రాస్తే సరి. లేదా అగ్గిపెట్టె ఉంది కదా.

ఉక్కు సంగతి. ఇందులో రెండు రకాలు వస్తాయి. ఒకటి తుప్పుపట్టని ఉక్కు. బొగ్గు 0.6 శాతం, క్రోమియం పదమూడున్నర శాతం. రెండోది ఒక శాతం దాకా బొగ్గు ఉండే మామూలు ఉక్కు. అది ఇంకాస్త కరుకైన పదును పట్టుకుంటుంది, రాత్రి మంచులో వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబడుతుంది. నిమ్మకాయ కోసి తుడవకపోతే నల్లబడుతుంది. ఒళ్లు వంచి తుడిచి నూనె రాసేవారికి రెండోది, నాబోటి బద్ధకస్తులకు మొదటిది. ఇంతకన్నా దీనిమీద తర్జనభర్జన అనవసరం. నెలల తరబడి ఉక్కు నంబర్లు వల్లెవేసే మిత్రులను చూశాను. వాళ్లలో సానరాయి ఉన్నవాడు ఒక్కడే.

అసలు డబ్బు పెట్టవలసింది ఆ సానరాయి మీద. మొరా వంటి కత్తి వాలు వెడల్పుగా, చదునుగా ఉంటుంది కనుక దాన్ని రాయి మీద ఆనించితే కోణం అదే దొరుకుతుంది. అది కూడా లేకపోతే చదునైన చెక్కకు సన్నరకం గరుకు కాగితం అంటించుకోండి. పింగాణీ కప్పు బోర్లించి అడుగున మెరుపు పూత లేని అంచు మీద నూరండి. చివర పాత తోలుబెల్టు మీద వెనక్కి లాగండి. మా అమ్మమ్మ చాకును నూతి గట్టు మీద నూరేది. ఏ పుస్తకంలోనూ చదవలేదు. పదును లేని ఖరీదైన కత్తి కన్నా ప్రమాదకరమైన వస్తువు వంటింట్లోనూ అడవిలోనూ మరొకటి లేదు. అదేదో నీతివాక్యం కాదు, నా బొటనవేలు సాక్ష్యం.

చౌక అన్నాను కదా అని దొరికిందల్లా కొనమని కాదు. సంతల్లో ముప్ఫై డాలర్లకు 'డమాస్కస్' కత్తులని నీటి అలల వంటి గీతలతో అమ్ముతారు. మనవాళ్లు ఇక్కడ మరీ మోసపోతారు, దానికి మన గర్వమే కారణం. మన 'ఉక్కు' మాటకు చుట్టమైన 'వుట్జ్' పేరుతో పడమటి దేశాలు ఎరిగిన మూసల ఉక్కు నిజంగా గొప్పదే. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం నుంచి అది పారశీకం దాకా వెళ్లింది. కానీ సంతలో అమ్మేది అది కాదు. రెండు రకాల ఉక్కు రేకులను అతికి, మడిచి, ఆమ్లంలో ముంచితే తేలిన గీతలవి. గీతలు పదునుకు హామీ కావు. ఏ ఉక్కో అమ్మేవాడు చెప్పకపోతే కొనకండి. బోలు పిడి ఉంటే కొనకండి. ఒరలో పెట్టి తలకిందులు చేసి విదిలిస్తే జారిపడేది ఎంత అందంగా ఉన్నా కొనకండి. మందం మూడు మిల్లీమీటర్లు దాటితే, దేనికి అని మా ఊరి కమ్మరిలా ఒకసారి అడగండి. కట్టెలు చీల్చడానికి అన్నది జవాబైతే, చిన్న గొడ్డలి ఒకటి, మడత రంపం ఒకటి కొనండి. రెండూ కలిపినా ఆ 250లో సగం కావు. నిజానికి చాలా విడిది మైదానాల్లో చీల్చిన కట్టెలే అమ్ముతారు. నిలబడివున్న చెట్టు కొట్టడం ఎటూ నేరం.

ఇండియాలో ఉన్న మిత్రులకు ఒక హెచ్చరిక, ఇది కత్తి ఖరీదుకు సంబంధించింది కాదు. హైదరాబాదు నుంచి నల్లమల వైపు వెళ్లేవాళ్లు సంచిలో ఏ కత్తి పెట్టుకోవాలో వెతికే ముందు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చూడాలి. అభయారణ్యంలోకి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో ప్రవేశించకూడదని 31వ సెక్షన్ చెబుతుంది. ఆ చట్టం ఆయుధానికి ఇచ్చిన నిర్వచనంలో కత్తి పేరు పెట్టి మరీ ఉంది. అక్కడ మీ ఇరవై డాలర్ల కత్తీ ఒకటే, మా బావమరిది కత్తీ ఒకటే. గేటు దగ్గర అడిగి, కాదంటే కారులోనే వదిలి వెళ్లండి. ఇక ఆయుధ నిబంధనలు తొమ్మిదంగుళాలకు మించి పొడవు లేదా రెండంగుళాలకు మించి వెడల్పు ఉన్న అలుగులను వేరే వర్గంలో పెట్టి, ఇంటిపనికీ వ్యవసాయానికీ చేసినవాటిని మినహాయించాయి. చూశారా, 'దేనికి?' అన్న ప్రశ్న చట్టానికి కూడా తెలుసు. మీ ఊళ్లో ఇంకా కొలిమి వెలుగుతుంటే, దిగుమతి సరుకు కోసం తాపత్రయపడక, నాలుగంగుళాల అలుగు, పలుచటి వెన్ను, నిండు పిడి కావాలని చెప్పి చేయించుకోండి. కూర్చోబెట్టి, అడిగినంత ఇచ్చి.

మా అమ్మాయి సంగతి చెప్పలేదు. చెంచాల తరగతి అయ్యాక నేను రోజూ సాయంత్రం వరండాలో చెక్కుతుంటే మొదట తలుపు వెనక నుంచి చూసేది. తరువాత మెట్టు మీదకు వచ్చింది. ఒకరోజు, "నాన్నా, అది జారదా?" అని అడిగింది. జారుతుంది, అందుకే ఇలా పట్టుకోవాలి అన్నాను. కూర్చునే చెక్కాలి. చేయి చాచి చుట్టూ తిప్పితే ఎవరూ తగలకూడదు. తొడ మీద పెట్టుకుని కోయకూడదు, అక్కడ పెద్ద రక్తనాళం ఉంటుంది. మోచేతులు మోకాళ్ల మీద, పుల్ల మోకాళ్ల అవతల, వాదర ఎప్పుడూ శరీరానికి దూరంగా. పిల్లలకు మొన గుండ్రంగా ఉండే రకం కూడా ఆ స్వీడన్‌వాళ్లే చేస్తారు, దానితో మొదలుపెట్టింది. మొన్న శనివారం గుడారానికి మేకులు చెక్కింది. మొదటి రెండూ తల దగ్గర చీలిపోయాయి. మూడోదానికి తలమీది అంచులు కొద్దిగా వాలుగా చెక్కాలని తనే కనిపెట్టింది. పెరట్లో నేలలోకి దిగింది.

కనుక బావమరిదీ, నువ్వు కొనిచ్చే కత్తి కాదనడం లేదు. ఎర్రపిడిది, ఇరవై డాలర్లది, తనకు ఇష్టం. మిగతా డబ్బుతో జులై రెండోవారానికి సియాటిల్ టికెట్టు కొనుక్కో. హో ఒడ్డున మళ్లీ మూడు రాత్రులు ఉండబోతున్నాము. సానరాయి నేను తెస్తాను. మంట నీ మేనకోడలు వేస్తుంది.